కళ్ళం మీద మోటారు పందేలు

దేవకి ఆవుకి కుడితి పెట్టి, చేతులు కడుక్కుంటూ తలెత్తి చూసేసరికి తోట చుట్టూ ఉన్న మోటారు పందేల ట్రాకు మీద ఎవరో కొత్త మనుషులు ఇనప గొలుసు పరిచి కొలతలు వేస్తున్నారు. ఇంకా గొంతులో కాఫీ చుక్క అయినా పడని వేళ. లోపల కూతురు రత్నావతి బడికి వెళ్ళడానికి జడ వేసుకుంటోంది. భర్త అచ్చయ్య సైకిలెక్కి బాగన్ దాతుక్ బజారుకి వెళ్ళి చాలాసేపయింది. అడగాపెట్టకుండా పరాయివాళ్ళ తోటలోకి వచ్చి మేకులు దిగ్గొట్టడమేమిటని ఆవిడ కొంగు బిగించి అటు నడిచింది.

గొలుసు పట్టుకున్నవాళ్ళలో పెద్దవాడు కాళిముత్తు అనే సర్వేయరు. ఇపో నుంచి వచ్చాడు. తమిళుడు. చేతులు జోడించి తమిళంలో మర్యాదగానే పలకరించాడు. దేవకి కూడా ఆ భాషలోనే అడిగింది, ఏం పని మీద వచ్చారని.

"పక్క ఎస్టేటు హార్పర్ దొరగారు పంపారమ్మా. స్థలం అమ్మకానికి వచ్చింది కదా, హద్దులు చూసి రమ్మన్నారు."

"ఎవరి స్థలం?"

"ఇదే అమ్మా, ఈ రేసు ట్రాకు, తోట అన్నీ. కౌలాలంపూర్ కంపెనీవాళ్ళు కొంటున్నారట. మీకు తెలీదా?"

తెలీదని చెప్పడానికి దేవకికి నోరు రాలేదు. ఇన్నేళ్ళు కాపురం చేసిన మొగుడు తోట బేరం పెట్టాడని దారినపోయే మనిషి నోట వినాల్సి వస్తే ఏ ఆడదానికి మొహం చెల్లుతుంది? "తెలుసు, తెలుసు" అనేసింది గబగబా.

కాళిముత్తు బూటు మడమతో నేలని తన్ని చూసి, మెచ్చుకోలుగా తల ఊపాడు. "మంచి నేలమ్మా. ఈ చుట్టుపక్కలంతా అడుసే. ఇక్కడ మాత్రం దేవుడిచ్చిన గట్టి నేల. దొరగారు కంపెనీకి చెప్పిందీ అదే. నేల సహజంగానే గట్టిది, ట్రాకు తయారుగా ఉంది, మీరు వచ్చి వాడుకోవడమే ఆలస్యం అని."

ఆ మాటకి దేవకి ఒళ్ళు భగ్గుమంది. అమ్మకం సంగతి విన్నప్పుడు ఆవిడకి కలిగింది భయం. ఇప్పుడు కలిగింది కోపం. ఆవిణ్ణి ఎరిగినవాళ్ళు రెండోదానికే ఎక్కువ జడుస్తారు.

"దేవుడే ఇచ్చాడులే బాబూ. ఆ దేవుళ్ళు ఎలా ఉంటారో చూడాలనుకుంటే మా కూలీల లైన్లకి వచ్చి ఆడవాళ్ళ అరచేతులు చూసి వెళ్ళు" అని విసవిసా ఇంటికి తిరిగొచ్చింది. పాపం కాళిముత్తుకి తానేం తప్పు మాట్లాడాడో బోధపడలేదు. గొలుసు చుట్టుకుంటూ నిలబడిపోయాడు.

ఆ నేల సంగతి చెప్పాలంటే మలాయి దేశంలో తెల్లవాళ్ళ సర్కారు పెట్టిన ఎమర్జెన్సీ రోజులకి వెళ్ళాలి. అడవుల్లో ఉన్న గెరిల్లాలకి తిండి అందకూడదని సర్కారు అప్పట్లో విడివిడిగా ఉన్న కాపురాలన్నిటినీ లేపి, ముళ్ళకంచె లోపల ఒక్కచోట పెట్టింది. అచ్చయ్యకి పొద్దున్న చెప్పి సాయంత్రానికల్లా ఇల్లు విప్పించారు. కొన్నేళ్ళపాటు కంచె లోపలే బతుకు. గేటు దగ్గర సోదాలు, చీకటిపడితే కర్ఫ్యూ, చేలోకి అన్నం మూట పట్టుకెళ్ళడానికి కూడా లేదు. ఆ కాలంలో సైన్యం లారీలు వీళ్ళ కొబ్బరితోట చుట్టూ గస్తీ తిరిగి తిరిగి నేలంతా మోకాలి లోతు బురద చేశాయి. గొడవలు సద్దుమణిగి, కంచె తీసేసి, ఎవరిళ్ళకి వాళ్ళు పొమ్మన్నాక వచ్చి చూస్తే తోటకి మొలతాడు కట్టినట్టు చుట్టూరా బురద గాడి. అచ్చయ్య నెత్తిన చేతులు పెట్టుకు కూర్చున్నాడు.

దేవకి కూర్చోలేదు. పక్క ఎస్టేటు లైన్లలో, కూలీల వరస ఇళ్ళలో, ఉండే దాలమ్మనీ, ఇంకొందరు ఆడవాళ్ళనీ పిలుచుకొచ్చింది. వాళ్ళందరి తాతలూ శ్రీకాకుళం వైపు నుంచి ఓడెక్కి వచ్చినవాళ్ళే. వరి నూర్చే కళ్ళం ఎలా చేస్తారో అమ్మల దగ్గరా అమ్మమ్మల దగ్గరా నేర్చుకున్నవాళ్ళే. బురదలో కొబ్బరి డొక్కలు బోర్లించి పరిచారు. వాటి మీద ఎర్ర కంకరమట్టి పోశారు. తడిపి దిమ్మిసలతో కొట్టారు, మళ్ళీ పోశారు, మళ్ళీ కొట్టారు. ఆఖరికి పేడనీళ్ళతో అలికారు. ఎండుకొబ్బరి ఆరబెట్టుకోవడానికి ఇంత జాగా ఉంటుందని వాళ్ళ ఆలోచన, అంతకుమించి ఏమీ లేదు. ఎంత వాన కురిసినా నీళ్ళు డొక్కల్లోకి దిగి కాలవలో పడేవి. పైన నేల మాత్రం చెక్కు చెదిరేది కాదు.

ఒకనాడు ఎస్టేటు మేనేజరు హార్పర్ దొర మోటారు సైకిలు మీద అటుగా వచ్చాడు. ఆ కళ్ళం మీద ఒక చుట్టు తిరిగాడు. ఆనందం పట్టలేక ఇంకో చుట్టు తిరిగాడు. ఆ ఏడాది నుంచే దొరల మోటారు క్లబ్బు అక్కడ పందేలు పెట్టడం మొదలెట్టింది. పందెం రోజున అచ్చయ్యకి దొరల వరసలో ఒక కుర్చీ వేసేవారు. ఆయన ఆ ఎస్టేటు ఆఫీసులోనే కిరానీగా, అంటే గుమాస్తాగా, చేసినవాడు. ఆ కుర్చీ అంటే ఆయనకి ప్రాణం. మిగతా జనమంతా, దేవకితో సహా, తాడు అవతల నిలబడి చప్పట్లు కొట్టాలి. పందేలైపోయాక గోతులు పూడ్చి, దిమ్మిస కొట్టి, మళ్ళీ అలికి పెట్టేది కూడా తాడు అవతలివాళ్ళే.

అచ్చయ్య మధ్యాహ్నం భోజనానికి వచ్చాడు. దేవకి చేపల పులుసు వడ్డించి ఎదురుగా పీట వేసుకు కూర్చుంది. తనంతట తను చెబుతాడేమోనని చూసింది. ఆయన మారు అన్నం పెట్టించుకున్నాడు, ముళ్ళు ఏరుకున్నాడు, సాయంత్రం వాన పడేట్టుందన్నాడు. బడి నుంచి తిండికి వచ్చిన రత్నావతి తల్లి మొహం చూసి, ఏదో ఉందని గ్రహించి నోరు మెదపకుండా తింటోంది.

"పొద్దున్న గొలుసోలు వచ్చినారు" అంది దేవకి చివరికి.

అచ్చయ్య చెయ్యి పళ్ళెంలోనే ఆగింది. "అప్పుడే వచ్చీసినారా? సెప్దామనే అనుకుంటన్నాను. ఆదివారం హార్పర్ దొర కాయితాలు పట్టుకొస్తాడు. తాంబూలం సిద్ధం సెయ్యి. ఆకులు మంచివి సూడు, వాడిపోయినవి కాదు."

"తోట అమ్మీసి ఏటి సేస్తాం?"

"ఊరెల్లిపోదాం."

"ఏ ఊరు?"

"అదేటి అలగడుగుతావు? మనూరు. నరసన్నపేట పక్కన, మా తాత పుట్టిన ఊరు."

"నువ్వెప్పుడన్నా సూసినావా ఆ ఊరు?"

"సూడకపోతే ఏటి? ఊరు ఊరే." అచ్చయ్య గొంతు సవరించుకున్నాడు. ఆఫీసులో కూలీలకి కబురు చదివి వినిపించే గొంతు అది. "ఆగస్టులో తెల్లోడు జెండా దింపీస్తాడు. మెర్డేకా, అదే సొతంత్రం, వస్తాది. దొరలందరూ ఓడెక్కీస్తన్నారు. ఆ తరవాత మనల్ని ఎవలు సూస్తారు? ఒకపాలి పొద్దున్న సెప్పి సాయంత్రానికి ఇల్లు పీకించినారు. రేపు ఇంకోడొచ్చి పొమ్మంటే? ఆడు పొమ్మనక ముందే మన కాళ్ళ మీద మనం ఎల్లిపోతే మరేద."

"నేను రాను-లా నాయినా" అంది రత్నావతి. ఆ పిల్ల ఎస్టేటు బళ్ళో పంతులమ్మ. తెలుగు మొదలెడితే మధ్యలో తమిళం దూరుతుంది, చివర్లో మలాయి 'లా' దూరుతుంది. "నాకు ఇక్కడ బడి ఉంది. నా ఫ్రెండ్స్ అందరూ ఇక్కడే. అక్కడ ఎవరు తెలుసు నాకు?"

"నిన్ను అడగలేదు."

దేవకి పళ్ళెం తీసుకుని లోపలికి వెళ్ళింది. ఆవిడ అరిచినా బాగుండేదని తండ్రీ కూతురూ ఇద్దరూ అనుకున్నారు.

తాంబూలం సంగతి కొంచెం చెప్పుకోవాలి. ఆ తీరాన ఉన్న తెలుగువాళ్ళలో ఆవు చేతులు మారినా, తోట చేతులు మారినా, మగవాళ్ళు ఎంత మాట్లాడుకున్నా అది ఖాయం కాదు. ఇంటి ఇల్లాలు ఇత్తడి పళ్ళెంలో ఆకూవక్కా పెట్టి తన రెండు చేతులతో అవతలివాళ్ళకి అందించాలి. వాళ్ళు పుచ్చుకోవాలి. అప్పటికి మాట మాటవుతుంది. ఆ తరవాత సంతకాలున్నా లేకున్నా ఒకటే. ఇల్లాలు ఇవ్వనంటే ఏమవుతుందని ఎవరూ ఎన్నడూ ఆలోచించలేదు. ఏ ఇల్లాలూ ఇవ్వనని అనకపోవడమే కారణం.

శుక్రవారం సాయంత్రం, అచ్చయ్య గుడి కమిటీ వాళ్ళతో మాట్లాడడానికి వెళ్ళినప్పుడు, గుమ్మంలో ఇద్దరు మనుషులు వచ్చి నిలబడ్డారు. ఒకరు పక్క కంపంగులో, అంటే మలాయి పల్లెలో, ఉండే హాజీ యూసుఫ్. తెల్లటోపీ, నెరిసిన గడ్డం, పెద్దమనిషి. లుంగీ మోకాళ్ళ పైకి మడిచి పాత మోటారు సైకిలు నడుపుతాడని ఊరంతా నవ్వుకుంటారు. రెండోవాడు చిన్నతంబి, బాగన్ దాతుక్‌లో మోటారు సైకిళ్ళ షాపు వాడు. తమిళ కుర్రాడే గానీ దేవకి చేతి అన్నం తిని పెరిగినవాడు.

"పెరియప్ప లేరా పెరియమ్మా?" అన్నాడు చిన్నతంబి.

"లేడు నాయినా. కూకోండి. ఏటి పని?"

ఇద్దరూ ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకున్నారు. హాజీ బజారు మలాయిలో, దేవకికి అర్థమయ్యేట్టు నిదానంగా, పిన్నీ అన్నట్టు మర్యాదగా మక్చిక్ అని పిలుస్తూ మొదలెట్టాడు.

"ట్రాకు అమ్ముతున్నారని విన్నాం మక్చిక్. అది మీ ఇష్టం, మేము కాదనే వాళ్ళం కాదు. కాని అడగకుండా ఉండలేక వచ్చాం. ఇక్కడి కుర్రాళ్ళందరూ కలిసి ఒక క్లబ్బు పెట్టుకున్నారు. మలాయివాళ్ళు, చైనావాళ్ళు, తమిళులు, మీ తెలుగు పిల్లలు, అందరూ. మెర్డేకా వచ్చాక మొదటి పందెం ఇక్కడ పెట్టుకోవాలని వాళ్ళ కోరిక. కొనే తాహతు మాకు లేదు. నేల మీదే, తోట మీదే. పందెం మాత్రం అందరిదీ అవ్వాలని."

"దొరలు గెలిచిన బండ్లన్నీ నేను బాగుచేసినవే పెరియమ్మా" అన్నాడు చిన్నతంబి. "ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి, ఆ నేల మీద నేను నడపాలి. కంపెనీ చేతిలో పడితే ఇక ఆ మాట మరిచిపోవడమే."

"ఇంకో మాట" అన్నాడు హాజీ. "ఈసారి నేల కొట్టేటప్పుడు మా ఆడవాళ్ళు కూడా వస్తారు. ఎలా కొట్టాలో మీరు చూపించాలి. ఆ ఎండలో మీరు దిమ్మిసలు వెయ్యడం నేను మా తోటలోంచి చూసేవాణ్ణి. మా ఇంటిది రోజూ అనేది, వాళ్ళు దారి వెయ్యడం లేదు, ఇల్లు కడుతున్నారూ అని."

దేవకికి కళ్ళల్లో నీళ్ళు గిర్రున తిరిగాయి. తేనీళ్ళు తెస్తానని చెప్పి లోపలికి వచ్చి గోడకి ఆనుకుని నిలబడింది. ఇన్నేళ్ళలో ఆ కష్టం చూశానని చెప్పిన మొదటి మనిషి పొరుగు కంపంగు హాజీ. ఇంట్లో మనిషి ఆ మాట అన్న గుర్తు లేదు.

తడిగుడ్డలో చుట్టి ఉన్న తమలపాకులు కనబడ్డాయి. ఆదివారానికని పొద్దున్నే తెచ్చి పెట్టినవి.

పొరపాటున ఇచ్చేసిందని తరవాత ఊళ్ళో కొందరు అన్నారు. అదేమీ కాదు. ఆవిడ ఇత్తడి పళ్ళెం చింతపండుతో తోమింది. ఆకులు తుడిచి పరిచింది. వక్కలు, రెండు అరటిపళ్ళు, ఒక కొబ్బరికాయ పెట్టింది. చేస్తున్నదేమిటో, దానికి మొగుడు ఇంటికి వచ్చాక ఏం జరుగుతుందో ఆవిడకి బాగా తెలుసు.

పళ్ళెం చూసి హాజీ లేచి నిలబడ్డాడు. వాళ్ళలోనూ సంబంధాలకీ ఒప్పందాలకీ సిరిహ్, అంటే తమలపాకులు, ముందు పెట్టుకుంటారు. ఊరికే చేతిలో పెట్టేది కాదని ఆయనకి తెలుసు.

"అచ్చయ్యకి తెలుసా మక్చిక్?"

"ఈ పళ్ళెం నా చేతిది" అంది దేవకి. "నేను ఇస్తన్నాను. పందెం మీరు పెట్టుకోండి. తోట మాది."

హాజీ బిస్మిల్లా అని రెండు చేతులతో అందుకున్నాడు. చిన్నతంబి వంగి ఆవిడ కాళ్ళకి దణ్ణం పెట్టాడు.

అచ్చయ్యకి ఇంటికి రాకముందే తెలిసిపోయింది. దారిలో హాజీయే ఎదురుపడి, చెయ్యి పట్టుకుని, మీ మేలు మరచిపోమని చెప్పాడట. సైకిలు స్టాండు కూడా వెయ్యకుండా అరుగు మీద పడేసి లోపలికి వచ్చాడు. అప్పటికింకా దీపాలు పెట్టలేదు.

"హాజీకి తాంబూలం ఇచ్చినావా?"

"ఇచ్చినాను."

"ఇచ్చినాను అంట! ఎంత తేలిగ్గా సెప్తందో సూడు! దొరకి మాటిచ్చినానే నేను! ఆదివారం ఆ మనిషి మొహం ఎలగ సూడాలి? నా మరేద ఏటి కావాల?"

"నీ మాట నిలబడాలంటే నా పళ్ళెం కావాలని నీకు తెలీదేటి?"

"పళ్ళెం ఆచారం. అంతే. అడ్డం పడీడానికి కాదు."

"ఉట్టి ఆచారమే అయితే దొర సంతకం సరిపోద్ది కదా. నన్నెందుకు సిద్ధం సెయ్యమన్నావు?"

అచ్చయ్య జవాబు లేనప్పుడు మగవాడు చేసే పనే చేశాడు, గొంతు పెంచాడు. "ఇంటి పరువు తీసీసినావు! ఊరంతా ఏటనుకుంటారు? అచ్చయ్య పెళ్ళాం మాట ఇనీవోడు అనరేటి?"

రత్నావతి పరుగెత్తుకొచ్చి ఇద్దరి మధ్యా నిలబడింది. "అమ్మా, నాయినతో ఒక మాట చెప్పకుండా నువ్వు అలా చేస్తే తప్పు కదా. నాయినా, అమ్మతో చెప్పకుండా నువ్వు బేరం పెడితే అది మాత్రం కరెక్టా?"

"నువ్వు లోపలికి పో" అన్నారు ఇద్దరూ ఒక్కసారే. ఆ సాయంత్రం వాళ్ళిద్దరికీ కుదిరిన మాట అదొక్కటే.

"తోట అమ్ముతన్నావని గొలుసోడు సెప్తే నాకు తెలిసింది" అంది దేవకి. గొంతు పైకి లేవలేదు, కిందికి దిగింది. "అదైనా ఓర్సుకుంటాను. ఆడు ఇంకో మాటన్నాడు. ఈ నేల సహజంగానే గట్టిదంట. దేవుడిచ్చినాడంట. దొర కంపెనీకి అలగే సెప్పినాడంట. దొర ఆ మాట సెప్పినప్పుడు నువ్వు అక్కడున్నావా?"

అచ్చయ్య దీపం వెలిగించడానికన్నట్టు గూటి వైపు తిరిగాడు.

"ఉన్నావా లేదా?"

"ఉన్నాను."

"ఏటన్నావు?"

అచ్చయ్య చొక్కా బొత్తాం తిప్పుకుంటూ నిలబడ్డాడు. అబద్ధం చెప్పేవాడే, కాని ఆయనకి అబద్ధాలు చేతకావు. "తల ఊపినాను" అన్నాడు.

దేవకి నేల మీద కూలబడిపోయింది. అంతవరకూ బిగబట్టుకున్న ఏడుపంతా ఒక్కసారి వచ్చేసింది. "డొక్కలు మోసి మోసి నా భుజాలు పుళ్ళు పడితే నువ్వే కదా కొబ్బరినూని రాసినావు? దాలమ్మకి కుడి సెయ్యి ఇప్పటికీ పైకి లెగదు. ముసలమ్మలు పాటలు పాడుకుంటా కొట్టినారు ఈ నేల. నీకు దొరల కుర్సీలో కూకుని, ఇది ఎవలూ సేసింది కాదంటే తల ఎలగ ఊపాలనిపించింది?"

అచ్చయ్య మెల్లగా వచ్చి ఆవిడ పక్కన నేల మీద కూర్చున్నాడు. ఆయన అలా అమ్మ పక్కన కింద కూర్చోవడం ఎన్నడూ చూడని రత్నావతి తలుపు సందులోంచి చూసి ఆశ్చర్యపోయింది.

"నాకు బయ్యం దేవకీ" అన్నాడు. "ఆ కంచె లోపల ఉన్నన్నాళ్ళూ నేను ఏ పూటా కడుపునిండా తిన్లేదు. గేటు కాడ సిపాయి నా సేతులు పైకెత్తించి తడుముతాంటే, నా కిందోలందరూ సూస్తాంటే, సచ్చిపోదునా అనిపించీది. మళ్ళీ అలగ ఎవడన్నా సేస్తాడని బయ్యం. అందుకే ఎల్లిపోదామన్నాను. నీకు సెప్తే నా బయ్యం బయట పడిపోద్దని సెప్పలేదు."

దేవకి కళ్ళు తుడుచుకుంది. కోపం పూర్తిగా పోలేదు గానీ దానికి కాళ్ళు లేకుండా పోయాయి. "బయ్యం నాకు లేదేటి? నాకూ ఉంది. గాని నేను ఇక్కడే బయ్యపడతాను. ఇక్కడైతే తెల్లారితే దాలమ్మ ఉంటాది, హాజీ పెళ్ళాం ఉంటాది. తెలీని ఊర్లోకెల్లి ఎందుకు బయ్యపడాల?"

అచ్చయ్య మర్నాడంతా తోటలో ఒక్కడే తిరిగాడు. మధ్యలో ఒకచోట వంగి, గడ్డపారతో ట్రాకు అంచు కొద్దిగా తవ్వి, మట్టి కింద వరసలు వరసలుగా ఉన్న డొక్కలు చూసి, మళ్ళీ జాగ్రత్తగా పూడ్చి వచ్చాడు. ఆదివారం ఏం చెయ్యబోతున్నాడో అడగడానికి దేవకికి ధైర్యం చాలలేదు.

ఆదివారం హార్పర్ దొర కారులో వచ్చాడు. చెడ్డమనిషి కాదు, నవ్వు మొహమే. అరుగు మీద కుర్చీలో కూర్చుని బల్ల మీద పటం పరిచాడు. అచ్చయ్య కోటు వేసుకుని ఎదురుగా నిలబడ్డాడు. తలుపు వెనక దేవకి. ఇంగ్లీషులో జరిగే మాటలన్నీ రత్నావతి తల్లి చెవిలో చెబుతోంది.

"ఇదిగో అచ్చయ్యా, కంపెనీ ప్లాను. చాలా బాగా చేస్తున్నారు. చుట్టూ ముళ్ళకంచె, ఒకటే గేటు, గేటు దగ్గర కాపలా. పాసు ఉన్నవాళ్ళకే ప్రవేశం. నీకు మాత్రం జీవితాంతం పాసు ఇమ్మని నేను ప్రత్యేకంగా అడిగాను."

అచ్చయ్య పటం వంక చూశాడు. కంచె గీత మీద వేలు పెట్టి చుట్టూ తిప్పాడు. వేలు తిరిగి బయలుదేరిన చోటికే వచ్చింది.

"సార్, మీరు కంపెనీకి ఒక మాట తప్పు చెప్పారు" అన్నాడు. "ఈ నేల సహజంగా గట్టిది కాదు. నా భార్య గట్టిగా చేసింది. లైన్లలో ఆడవాళ్ళతో కలిసి, కొబ్బరి డొక్కలు వేసి, దిమ్మిస కొట్టి చేసింది. ఆ రోజు మీరు చెబుతుంటే నేను నోరు మూసుకున్నాను. అది నా తప్పు."

దొర నవ్వాడు. "సరే, అలాగే చెబుదాం. ఎవరు చేసినా నేల గట్టిదే కదా. సంతకం చెయ్యి."

"చెయ్యలేను సార్. మా ఇంట్లో తాంబూలం ఇచ్చేశారు. ఇక్కడి కుర్రాళ్ళ క్లబ్బుకి."

"ఎవరిచ్చారు?"

"నా భార్య."

తలుపు వెనక దేవకి కూతురి చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"కాని నువ్వు నాకు మాటిచ్చావు. యజమానివి నువ్వు."

"ఇచ్చాను సార్. ఆవిణ్ణి అడగకుండా ఇచ్చాను. అడగకుండా ఇచ్చిన మాట వెనక్కి తీసుకుంటున్నాను. నన్ను క్షమించాలి."

దొర మొహంలో నవ్వు పోయింది. కోపం కూడా రాలేదు. ఎన్నో ఏళ్ళుగా చూస్తున్న మనిషిని అప్పుడే కొత్తగా చూసినట్టు చూశాడు. "ఇన్నేళ్ళలో నువ్వు నాకు ఒక్కసారి కూడా కాదని చెప్పలేదు అచ్చయ్యా" అన్నాడు.

"ఇన్నేళ్ళలో మీరు నన్ను ఒక్కసారి కూడా అడగలేదు సార్. చెప్పేవారు. నేను చేసేవాణ్ణి."

రత్నావతి ఆ మాట చెవిలో చెప్పగానే దేవకి గుండె కలుక్కుమంది. నన్ను అడగలేదని ఇన్నాళ్ళూ ఈ మనిషి మీద కోపం పెంచుకుంది. ఈయన్ని మాత్రం ఎవరు అడిగారు? అడిగించుకోవడం అంటే ఏమిటో తెలియని మనిషి ఇంకొకరిని ఎలా అడుగుతాడు? ఇస్త్రీ కోటు లోపల ఆ మనిషి వీపు నిటారుగా నిలబడి ఉండడం చూస్తుంటే ఆవిడకి ఏడుపూ, అంతకు మించిన గర్వమూ ఒకేసారి ముంచుకొచ్చాయి.

దొర పటం చుట్టుకుని, వీడ్కోలు చెప్పి మర్యాదగానే వెళ్ళిపోయాడు. అచ్చయ్య కోటు విప్పి లోపలికి వచ్చి, పెళ్ళాం ఎదురుగా నిలబడి, కొత్తగా చేరిన గుమాస్తాలా తడబడ్డాడు.

"ఇప్పుడు ఏటి సేద్దాం?"

"ముందు కూకో. అన్నం తిందాం" అంది దేవకి. "తరవాత దాలమ్మకి కబురెట్టాలి. మెర్డేకా పందేనికి నేల మళ్ళీ కొట్టాల కదా."

జెండా మారిన ఆగస్టు వెళ్ళి, తరవాతి ఆదివారం పందెం పెట్టారు. అంతకుముందు రెండు వారాలు ఆ తోట ఏ పెళ్ళివారింటికీ తీసిపోలేదు. లైన్ల ఆడవాళ్ళతో పాటు కంపంగు ఆడవాళ్ళూ, బజారు చైనా ఆడవాళ్ళూ దిమ్మిసలు పట్టారు. దాలమ్మ ఎడమచెయ్యి నడుం మీద పెట్టుకుని అందరి మీదా అజమాయిషీ చేసింది. కొట్టే చెయ్యి ఆడకపోయినా తిట్టే నోరు బాగానే ఆడింది. అచ్చయ్య గంపతో మట్టి మోస్తూ కనబడితే ఊరు ఊరంతా వచ్చి చూసి పోయింది.

పందెం రోజున జనం ఇసకేస్తే రాలనట్టు వచ్చారు. చిన్నతంబి మొదటి పందెంలో రెండోవాడిగా వచ్చి, మొదటివాడిగా వచ్చినంత సంబరపడ్డాడు. హాజీ యూసుఫ్ లుంగీ మడిచి ముసలివాళ్ళ పందెంలో నడిపి అందరికన్నా వెనకబడ్డాడు. ఆయనకి కొట్టినన్ని చప్పట్లు గెలిచినవాడికి కూడా కొట్టలేదు. నేల ఒక్కచోట కూడా పెచ్చు లేవలేదు.

పెద్ద పందేనికి ముందు మైకు పట్టుకున్న కుర్రాడు మలాయిలో పిలిచాడు. "ట్రాకు ఓనరు అచ్చయ్య గారు వచ్చి జెండా ఊపాలి! ఓనరు అచ్చయ్య గారు!"

కోటులో అచ్చయ్య ముందుకి నడిచాడు. జెండా అందుకోలేదు, మైకు అడిగి పుచ్చుకున్నాడు. గొంతు సవరించుకున్నాడు. ఈసారి ఆఫీసు గొంతు రాలేదు.

"ఓనరు నేను కాదు-లా" అన్నాడు మలాయిలో, అంతమంది జనానికీ వినబడేట్టు. "ఈ నేల చేసింది మా ఇంటిది. మీకు మాటిచ్చిందీ ఆవిడే. ట్రాకు ఆవిడది. నేను ఆవిడ మొగుణ్ణి."

జనం గొల్లుమన్నారు. ఆ నవ్వు చప్పట్లయింది, చప్పట్లు మెర్డేకా కేకలయ్యాయి. దాలమ్మ బాగున్న చేత్తో దేవకి వీపు మీద ఒక్క చరుపు చరిచి, "ఎల్లమ్మా ఎల్లు, నిన్నే" అంది. దేవకి కొంగుతో మొహం తుడుచుకోబోయి, మానేసి, ఆ తడి మొహంతోనే, అందరూ చూస్తుండగా, తన నేల మీద తల దించకుండా నడిచి వెళ్ళింది.